చెడు కబురు ముందు ఇంటికే రావాలి

పిల్లల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను. ఊరు, పేట తప్ప రాసినవారి వివరాలేవీ ప్రచురించడం లేదు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. దసరా సెలవులు అయిపోయిన తరవాత అలాంటి ఉత్తరాలు ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి, రాసే తల్లులు మాత్రం ఈ బాధ తమ ఒక్క ఇంటిదే అనుకుంటున్నారు.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్ళు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని ఊరి బయట ఉన్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీలో చేర్పించాం. అక్కడ ఉదయం 5 గంటలకు లేపుతారు, రాత్రి 11 వరకు స్టడీ అవర్లు ఉంటాయి. వారం వారం పెట్టే పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి సెక్షన్ మారుస్తారు. దసరాకు నాలుగు రోజులు ఇంటికి వచ్చాడు కానీ అమ్మవారి దర్శనానికి రమ్మన్నా రాలేదు, స్నేహితులను కలవలేదు. తిరిగి వెళ్ళే ముందు రోజు రాత్రి బట్టలు, జంతికలు, ఆవకాయ సీసా అన్నీ బ్యాగులో సర్ది పెట్టాను. తెల్లవారి చూస్తే బట్టలన్నీ మళ్ళీ బీరువాలో మడతపెట్టి ఉన్నాయి. అడిగితే కడుపునొప్పి అన్నాడు. వాళ్ళ నాన్నగారు, ‘ఇప్పుడు గట్టిపడకపోతే రేపు లోకంలో ఎలా నెగ్గుకొస్తాడు’ అని బైకు మీద తీసుకెళ్ళి దింపి వచ్చారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మేము తప్పు చేశామా?
ఒక తల్లి, పటమట, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి నోటితో చెప్పలేని మాటను చేతులతో చెప్పాడు. అలగలేదు, బట్టలు విసిరికొట్టలేదు, అమ్మ కష్టపడి సర్దిందని వాటికి మళ్ళీ మడతలు పెట్టి మరీ బీరువాలో ఉంచాడు. ‘నేను వెళ్ళలేను’ అని ఇంతకంటే మర్యాదగా చెప్పడం ఏ పిల్లవాడికీ సాధ్యం కాదు. కడుపునొప్పి వంక అని కూడా అనుకోకండి. భయం, దిగులు లోపల పేరుకుపోయిన పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది, తలపోటు వస్తుంది, అన్నం సహించదు. ఒకసారి డాక్టరుకు చూపించి వేరే జబ్బు లేదని తేల్చుకోవడం మంచిదే కానీ, జబ్బు లేదని తేలినంత మాత్రాన నొప్పి కూడా లేదని అర్థం కాదు.

తప్పు చేశామా అని అడిగారు. మీవారి మాట వెనక ఉన్నది పిల్లవాడి మీద ప్రేమే, అందులో నాకు సందేహం లేదు. కానీ కష్టంలోకి తోస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గట్టిపడతారనే నమ్మకం మన ఇళ్ళలో చాలా కాలంగా పాతుకుపోయి ఉంది. దాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు వారు నడివయసుకు వచ్చేవరకు గమనిస్తూ వచ్చారు. వారిలో పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మద్యపానం, మానసిక అనారోగ్యం వంటివి చుట్టుముట్టిన పిల్లలను విడిగా పరిశీలిస్తే, అలాంటి వారిలో సుమారు మూడో వంతు మంది ఆత్మవిశ్వాసంతో, బాధ్యతగా బతికే పెద్దవారుగా ఎదిగారు. వారి జీవితాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన విషయం ఏమిటంటే, చిన్నతనంలో వారిని ఎలా ఉన్నా అలాగే దగ్గరకు తీసుకున్న పెద్దవారు కనీసం ఒక్కరైనా ఉన్నారు. ఆ ఒక్కరు తల్లో తండ్రో కానక్కరలేదు. అమ్మమ్మ కావచ్చు, పాఠం చెప్పిన టీచరు కావచ్చు, పక్కింటి పెద్దాయన కావచ్చు. మీ అబ్బాయి గట్టిపడాలని మీవారు కోరుకుంటున్నారు కనుక, ఆ గట్టితనం ఎక్కడ నుంచి వస్తుందో ముందు ఆయనకు ఈ సంగతి చదివి వినిపించండి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఇద్దరూ కూర్చుని నిజాయితీగా సమాధానం చెప్పుకోండి. మీ ఇంట్లోకి చెడు కబురు ఎలా వస్తుంది? పిల్లవాడికి మార్కులు తగ్గితే మీకు ముందు తెలిసేది అతని నోటి నుంచా, కాలేజీవారు ఫోనుకు పంపే సందేశం నుంచా? చిన్నప్పుడు పెన్ను పోగొట్టుకుంటే, క్లాసులో దెబ్బ తింటే, స్నేహితుడు మోసం చేస్తే ఇంటికి వచ్చి చెప్పేవాడా, మరెవరో చెప్పగా మీకు తెలిసేదా? అతను చెప్పిన మొదటి వాక్యం పూర్తి కాకముందే మనం తిట్టో, సలహానో, ‘మా రోజుల్లో అయితే’ అనో మొదలుపెడితే రెండో వాక్యం ఇక బయటకు రాదు. అలా ఏళ్ళ తరబడి రాని వాక్యాలన్నీ కలిసి ఒక రాత్రి బీరువాలో మడతలుగా కనిపిస్తాయి.

నిద్ర సంగతి కూడా చెప్పాలి, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే వైద్యులు చెబుతున్నారు. మీరు రాసిన లెక్క ప్రకారం రాత్రి 11 తరవాత పడుకుని 5 గంటలకు లేస్తే ఆరు గంటలు కూడా దక్కవు. పైగా ఈ వయసులో నిద్రను తెచ్చే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందువల్ల త్వరగా పడుకోమన్నా నిద్ర పట్టదు, తెల్లవారుజామున లేపితే మెలకువ రాదు. అది బద్ధకం కాదు, శరీరం ఎదిగే తీరు. పగలు చదివినది మెదడులో స్థిరపడే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుంది కనుక, నిద్ర కోసి చదువుకు అతికించడం వల్ల చదువే నష్టపోతుంది. నెలల తరబడి నిద్ర తక్కువైన పిల్లవాడికి చిన్న మాట కూడా పెద్ద దెబ్బలాగా తగులుతుంది. స్టడీ అవర్లను 10 గంటలకు ముగించమని నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్‌ను అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని వెనకాడవద్దు.

వచ్చే ఆదివారం మీరిద్దరూ కలిసి వెళ్ళండి. ఆ కాలేజీల గేట్ల దగ్గర ఆదివారాలు నేను ఎన్నో చూశాను. చెట్టు కింద దుప్పటి పరుచుకుని, టిఫిన్ క్యారియర్ విప్పి, తల్లి పప్పన్నంలో నెయ్యి వేసి ముద్ద కలిపి పెడుతూ ఉంటుంది. పక్కనే నిలబడిన తండ్రి, ‘ఈ వారం ఎంత వచ్చింది?’ అంటాడు. పిల్లవాడి నోట్లో ముద్ద అక్కడే ఆగిపోతుంది. ఈసారి మార్కుల ప్రసక్తి తేవద్దు. అన్నం తినడం పూర్తయ్యాక వాళ్ళ నాన్నగారే, ‘బట్టలు బీరువాలో పెట్టావని అమ్మ చెప్పింది. నువ్వు చెప్పాలనుకున్నది ఆ రోజు నేను వినలేదు, ఇప్పుడు వింటాను’ అని అంటే చాలు. ఆ తరవాత మౌనంగా ఉండండి. ఆ మౌనం అయిదు నిమిషాలు సాగినా, పది నిమిషాలు సాగినా మాటలతో నింపవద్దు. ఆయన తన జీవితంలో తప్పిన పరీక్షో, నష్టపోయిన వ్యాపారమో ఉంటే, నీతి జోడించకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడం కూడా మేలు చేస్తుంది. తండ్రి ఎప్పుడూ ఓడిపోలేదని నమ్మే కొడుకు తన ఓటమిని ఆయన ముందు పెట్టలేడు.

అతను చెప్పేదాన్ని బట్టి దారి మారుతుంది. ఫిజిక్స్ అర్థం కావడం లేదంటే దానికి విడిగా పాఠం చెప్పించవచ్చు. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు మార్చారన్న అవమానం అయితే, ర్యాంకుకూ ఇంట్లో అతని స్థానానికీ సంబంధం లేదని మీ నోటితో స్పష్టంగా చెప్పాలి. మనసులో ఉంది కదా అంటే చాలదు. గదిలో పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారనో, ఎవరైనా కొడుతున్నారనో, అసభ్యంగా ప్రవర్తిస్తున్నారనో తెలిస్తే మాత్రం అతన్ని అక్కడ ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు. 18 ఏళ్ళలోపు పిల్లల రక్షణ కోసం 1098 నంబరు ఉంది, ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఏ ప్రత్యేక కారణమూ లేకుండా కేవలం అక్కడి పద్ధతి తనకు సరిపడడం లేదని అంటే, అది కూడా కారణమే. అప్పుడు సంక్రాంతి వరకు చూద్దామని ఇద్దరికీ ఒప్పుదలైన గడువు పెట్టుకోండి, ఆ గడువుకు అతని మాటే చెల్లుతుందని మాట ఇచ్చి నిలబెట్టుకోండి. ఇంటి నుంచి బస్సులో వెళ్ళి వచ్చే డే కాలేజీలో చదివి సీటు తెచ్చుకున్నవారు మీ పటమటలోనే బోలెడంత మంది ఉంటారు. కట్టిన ఫీజు గురించి బాధ సహజమే, అయితే ఆ లెక్క పిల్లవాడి ముందు తీయకండి. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు తప్పినా ఆ వేసవిలోనే సప్లిమెంటరీ రాసే వీలు ఉందన్న సంగతి అతనికి ముందే తెలిసి ఉండాలి, ఫలితాల రోజున కాదు.

గడువు పెట్టి ఆగకూడని సందర్భం ఒకటి ఉంది. రెండు వారాలకు పైగా సరిగా తినకపోవడం, పడుకోకపోవడం, తన ఇష్టమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టడం, చేతుల మీద గాట్లు, ‘నేను లేకపోతే మీకు ఏ బాధా ఉండదు’ వంటి మాటలు, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఇంటికి తీసుకురండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, కానీ అది నిజం కాదు. అడగడం వల్ల పిల్లల గుండె బరువు దిగుతుంది. అవునని చెబితే ఒంటరిగా వదలకండి, మాత్రలు, పురుగుమందుల వంటివి చేతికి అందకుండా తీసివేయండి, ఆ రోజే వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. మీరిద్దరూ కూడా ఆ నంబరుకు ఫోన్ చేసి మీ దిగులు చెప్పుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో 7 ఏళ్ళ మనవడు పగలంతా మా దగ్గరే ఉంటాడు. సాయంత్రం వాడితో వైకుంఠపాళి, అష్టాచమ్మా ఆడతాను. ఓడిపోతే ఏడుస్తాడు, గవ్వలు విసురుతాడు. మొన్న పెద్ద పాము నోట్లో పడి కిందికి వచ్చేసరికి పటాన్నే చించేశాడు. అందువల్ల వాడు చూడనప్పుడు పందెం మార్చి వాడినే గెలిపిస్తున్నాను. మా అమ్మాయి, ‘నాన్నా, వాణ్ణి మీరే పాడుచేస్తున్నారు’ అంటోంది. ఈ వయసులో మనవడి కంట నీరు చూడలేకపోతున్నాను.
ఒక తాతగారు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అయ్యా, సాయంత్రం పూట ఫోను చేతికివ్వకుండా మనవడి ఎదుట బాసింపట్టు వేసుకుని గవ్వలు వేసే తాత ఉండడం ఆ పిల్లవాడి అదృష్టం. మీ అమ్మాయి మాట కొంచెం ఘాటుగా ఉన్నా అందులో నిజం ఉంది. మీరు పందెం మార్చడం వల్ల వాడు గెలవడం నేర్చుకోవడం లేదు, ఓడిపోవడం ఎంత భయంకరమైనదో తాత కూడా ఒప్పుకున్నాడని నేర్చుకుంటున్నాడు. పైగా ఏడేళ్ళ పిల్లలు చాలా తెలివిగలవారు. మీరు గవ్వ తిప్పడం వాడు ఏదో ఒక రోజు చూస్తాడు, అప్పుడు గెలిచిన ఆటలు కూడా చేదవుతాయి.

వైకుంఠపాళిని మించిన పాఠం ఈ విషయంలో మరొకటి లేదు. ఆ పటంలో నిచ్చెనలకు సుగుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు పెట్టి, పైకి ఎక్కడం ఎంత సహజమో జారడం కూడా అంతే సహజమని మన పెద్దలు ఆటలోనే ఇమిడ్చారు. పాము నోట్లో పడినవాడు పటం బయటకు పోడు. కింది గడిలో ఉంటాడు, తరవాతి పందెం వాడిదే. చించిన పటాన్ని మీరిద్దరూ కలిసి అన్నం మెతుకులతోనో జిగురుతోనో అతికించండి. కొత్తది కొనవద్దు. అతికించే పనిలో వాడి చేతులు కూడా ఉండాలి.

ఆట మొదలుపెట్టే ముందే, ‘ఈ రోజు మనలో ఒకరు ఓడిపోతాం, ఓడినవాళ్ళు గవ్వలు సర్దాలి, గెలిచినవాళ్ళు మంచినీళ్ళు తెచ్చివ్వాలి’ అని ఒప్పందం చేసుకోండి. పది నిమిషాల్లో ముగిసే చిన్న ఆటలు నాలుగు ఆడితే గంటసేపు సాగే పెద్ద ఆటకంటే మేలు, ఎందుకంటే గెలుపూ ఓటమీ రెండూ వాడికి అనేకసార్లు తగులుతాయి. మీరు ఓడినప్పుడు వాడికి వినబడేలా, ‘అబ్బ, గెలుస్తాననుకున్నాను, కొంచెం ఉక్రోషంగా ఉందిరా, సరే ఇంకో ఆట వేద్దాం’ అనండి. ఉక్రోషం రావడం తప్పు కాదని, వచ్చిన ఉక్రోషాన్ని ఏం చేయాలో ఉందని వాడు మిమ్మల్ని చూసే నేర్చుకోవాలి. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అనే మాట మాత్రం ఎవరి నోటి నుంచీ రానీయకండి. గవ్వలు విసిరితే ఆ రోజుకు ఆట ఆగిపోతుందని నెమ్మదిగా చెప్పి ఆపేయండి, మరునాడు మామూలుగా మళ్ళీ పటం పరవండి.

మెచ్చుకునే తీరు కూడా కొద్దిగా మార్చుకోండి. క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ‘నువ్వు తెలివైనవాడివి’ అని పొగిడిన పిల్లలు ఆ పేరు పోతుందని తేలికైన పనులనే ఎంచుకున్నారు, కష్టమైన లెక్క ఎదురై తప్పగానే ఉత్సాహం కోల్పోయారు. ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్న పిల్లలు ఓడిన తరవాత కూడా పట్టు వదలలేదు. వాడు పాము దాటి వస్తే, ‘మా మనవడు మహా తెలివైనవాడు’ అనే బదులు, ‘మూడుసార్లు కిందికి వచ్చినా ఆట వదలలేదే’ అని చూడండి.

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. స్కూలు బస్సు 7 గంటలకు వస్తుందని టీ, రెండు బిస్కెట్లతో వెళ్ళిపోతుంది. సాయంత్రం వస్తూనే మంచం ఎక్కుతుంది. మెట్లెక్కితే ఆయాసం అంటుంది. బద్ధకమని రోజూ తిట్టేదాన్ని. మొన్న రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 ఉంది. డాక్టరమ్మ అడిగితే, నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు ఉంటోందని, ఆరు నెలలుగా అలాగే ఉందని చెప్పింది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. కన్నతల్లికి చెప్పకుండా ఎందుకు దాచింది?
ఒక తల్లి, కొరిటెపాడు, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు ఆ అంకె సంగతి చూద్దాం. ఈ వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క, 9.8 అంటే మధ్యస్థంగా ఉన్నట్టు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే తరగతిలో పది మంది ఆడపిల్లలు కూర్చుంటే ఆరుగురి రక్తంలో చాలినంత సత్తువ లేదు, వారిలో ఎందరిని మనం బద్ధకస్తులని, చదువు మీద ధ్యాస లేనివాళ్ళని తిడుతున్నామో ఆలోచించండి. రక్తం తక్కువైతే ఆయాసం, తల తిరగడం, చదివినది గుర్తుండకపోవడం, ఊరికే చిరాకు పడడం, అన్నీ ఉంటాయి.

డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు నెల వాడి మానేయకండి, హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా ఆవిడ ఆపమనే వరకు వాడాలి, లేకపోతే శరీరంలో నిల్వలు నిండవు. మాత్ర వేసుకున్నాక మలం నల్లగా వస్తుంది, అది భయపడవలసినది కాదని పిల్లకు ముందే చెప్పండి, చెప్పకపోతే భయపడి రహస్యంగా మాత్రలు మానేస్తారు. మాత్రను పాలతోగానీ టీతోగానీ ఇవ్వకూడదు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కనుక భోజనానికి గంట ముందూ గంట తరవాతా టీ వద్దు, అసలు 13 ఏళ్ళ పిల్లకు పరగడుపున టీ అలవాటు మాన్పించడమే మంచిది. తోటకూర, గోంగూర, మునగాకు, నువ్వుల ఉండలు, శనగలు తినిపించండి, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది కాబట్టి అన్నంలో నిమ్మకాయ పిండడమో, ఉసిరికాయ, జామకాయ తినిపించడమో జత చేయండి. మాంసాహారం తినే ఇల్లయితే మాంసం, కాలేయం, చేపలు ఇంకా త్వరగా పనిచేస్తాయి. నులిపురుగుల మందు ఇప్పించి ఎన్నాళ్ళయిందో డాక్టరుకు చెప్పండి. ఉదయం వేళ లేదంటే రాత్రే పిండి కలిపి పెట్టి రెండు దోసెలు చుట్టి చేతిలో పెట్టండి, బస్సులో తింటుంది. ఎనిమిది తొమ్మిది రోజుల నెలసరి మాత్రం ఇంటి వైద్యంతో పోయేది కాదు, ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకు ఒకసారి ప్యాడ్ మార్చవలసి వస్తున్నా కారణం కనుక్కుని చికిత్స చేయించాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ స్త్రీల వైద్యులు ఉన్నారు.

ఇక ఎందుకు దాచింది అన్న మీ ప్రశ్న. ఆమె దాచలేదేమో, చెప్పడానికి చోటు దొరకలేదేమో. పెద్దమనిషి అయినప్పుడు బంధువులందరినీ పిలిచి ఫంక్షన్ చేసి, పట్టు లంగా ఓణీ కట్టి, ఫొటోలు తీయించి, ఆ మరునాటి నుంచి ఆ విషయం గురించి ఇంట్లో గుసగుసగా తప్ప మాట్లాడని ఇళ్ళు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ఎలా ఉందో నాకు తెలియదు. ఎన్ని రోజులు ఉండడం మామూలో, ఎంత రక్తస్రావం ఎక్కువో ఆ పిల్లకు ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే తొమ్మిది రోజులు ఉండడమే మామూలని ఆమె అనుకుని ఉండవచ్చు. దానికి తోడు ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం, ‘నల్లబడ్డావేంటే, లావెక్కావేంటే’ అని పలకరించడం మన ఆచారమైపోయింది. ఒంటి గురించి వినబడే ప్రతి మాటా తప్పు పట్టేదే అయితే, ఒంట్లో వచ్చిన మార్పు గురించి నోరు విప్పాలని ఏ పిల్లకు అనిపిస్తుంది? ఆ మాటలను మీరు అడ్డుకోవాలి, పిల్ల ఎదుటనే అడ్డుకోవాలి. రాత్రి తల దువ్వి జడ వేస్తున్నప్పుడు, ముఖాముఖి కాకుండా, మీ సొంత చిన్నతనంలో మీరు పడిన బెరుకు గురించి చెప్పండి. తిట్టినందుకు ‘నాకు తెలియక తిట్టానమ్మా’ అని ఒక్కసారి అనండి. క్యాలెండరు మీద నెలసరి తేదీలు ఇద్దరూ కలిసి గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: నాకు వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ దుకాణం ఉంది. ఉదయం 9కి వెళితే ఇంటికి వచ్చేసరికి రాత్రి 10 దాటుతుంది. మా బాబుకు 10 ఏళ్ళు. నెల కిందట నా చొక్కా జేబులోంచి 200 రూపాయలు తీశాడు. అడిగితే తీయలేదని అబద్ధం చెప్పాడు. కోపంతో నాలుగు దెబ్బలు వేశాను. అప్పటి నుంచి నా బండి చప్పుడు వినగానే దుప్పటి ముసుగు పెట్టుకుంటున్నాడు. మా నాన్న నన్ను ఇంతకంటే ఎక్కువ కొట్టారు, నేను బాగానే ఉన్నాను కదా?
ఒక తండ్రి, విజయవాడ

సమాధానం: బాబూ, మీరు బాగానే ఉన్నారు, సంతోషం. కానీ మీ నాన్నగారికి మీరు చెప్పుకోలేకపోయిన సంగతులు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. టీచరుకు తగని పని తండ్రికి తగుతుందని నేను అనుకోను. దెబ్బ వల్ల పిల్లవాడు దొంగతనం మానేస్తాడన్న హామీ లేదు, ఈసారి దొరక్కుండా ఎలా తీయాలో ఆలోచించడం మాత్రం నేర్చుకుంటాడు.

ఆ 200 రూపాయలు ఎందుకు కావలసి వచ్చిందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు తెలియదనుకుంటాను. పదేళ్ళ పిల్లవాడు డబ్బు తీశాడంటే తినుబండారాల మీద మనసు పోయి ఉండవచ్చు, స్నేహితుల ముందు చిన్నతనం అనిపించి ఉండవచ్చు, బడిలోనో వీధిలోనో పెద్ద పిల్లలు బెదిరించి తెమ్మని ఉండవచ్చు. మూడోదే నిజమైతే, బయట భయం, ఇంట్లో దెబ్బ, రెండింటి మధ్యా నెల రోజులుగా ఆ పిల్లవాడు ఒక్కడే ఉన్నాడు. అందుకని ముందు అతనికి మీ మీద నమ్మకం కుదరాలి, కారణం తరవాత దానంతట అదే వస్తుంది. కారణం తెలిశాక తీసిన డబ్బు తిరిగి ఇవ్వవలసిందే. వారానికి ఇంత అని చేతి ఖర్చు ఇచ్చి, అందులోంచి కొద్దికొద్దిగా మీకు తీర్చేలా ఏర్పాటు చేయండి.

వారంలో ఒక్క రోజు దుకాణం మూసే పని గుమాస్తాకు అప్పగించి 8 గంటలకు ఇంటికి రండి. ఆదివారం తెల్లవారుజామున అతన్ని బండి ఎక్కించుకుని ప్రకాశం బ్యారేజీ మీదికి తీసుకువెళ్ళండి. గేట్ల కింద నీళ్ళు చూస్తూ పక్కపక్కనే నిలబడినప్పుడు పిల్లలకు మాట తేలికగా వస్తుంది, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాదు. ‘ఆ రోజు నిన్ను కొట్టడం నా తప్పు నాన్నా, ఇక కొట్టను’ అని చెప్పండి, వెనక ‘కానీ నువ్వు కూడా’ అని చేర్చకండి. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడైనా ఆగి ఇద్దరూ ఇడ్లీ తినండి. డబ్బు సంగతి ఆ రోజు ఎత్తకండి.